చదివి వినిపించని వాంగ్మూలం

ముప్పై రెండేళ్లకే "మేము సర్వీసులో ఉన్నప్పుడు" అని మొదలుపెడితే మీకు నవ్వొస్తుంది. నాకూ వస్తోంది. పెన్షన్ కాగితాలు అందుకుని, మెడలో దండ వేయించుకుని, జారిపోతున్న శాలువా సర్దుకుంటూ చెప్పాల్సిన మాటలివి. నాకు దండా లేదు, శాలువా లేదు. పాతబస్తీలో ఒక పోలీస్ స్టేషన్‌లో ఏడేళ్లు కానిస్టేబుల్‌గా పనిచేసి, రాజీనామా రాసిచ్చి, ఇప్పుడు ఒక బడిలో లైబ్రరీ చూసుకుంటున్నాను. మా గల్లీలో ముగ్గురు ఆడపిల్లలు పోలీసు పరీక్షకు చదువుతున్నారు. తెల్లారగానే మాదన్నపేట మార్కెట్ పక్క రోడ్డు మీద, కూరగాయల బండ్ల మధ్య నుంచి పరుగు తీసి, చెమటలు తుడుచుకుంటూ మా గుమ్మం ముందు ఆగుతారు. "అక్కా, లోపల ఎట్లుంటది?" అని అడుగుతారు. నోటితో చెప్పడం నాకు రాదు. అందుకే రాస్తున్నాను.

పరుగు సంగతి, పరీక్ష సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. నేను చెప్పేది భయం సంగతి.

స్టేషన్‌లో నన్ను మూగ మేడం అనేవారు. రోల్ కాల్‌లో నా నంబరు పిలిస్తే నేను పలికే "యెస్ సార్" పక్కన నిలబడ్డవాళ్లకు కూడా వినపడేది కాదు. ఒకసారి ఎదురుగా నిలబడి ఉండగానే గైర్హాజరు పడింది. బందోబస్తుకు పంపితే జనాన్ని జరగమనడానికి బదులు నేనే జరిగేదాన్ని. చేతిరాత మాత్రం బాగుండేది. అందుకని మా స్టేషన్ రైటర్ సార్, అంటే స్టేషన్‌లో కాగితాలన్నీ రాసే హెడ్ కానిస్టేబుల్, నన్ను అడిగి మరీ తన గదిలోకి తీసుకున్నాడు. మంచి మనిషి. బల్ల సొరుగులో నేను దాచుకున్న కథల పుస్తకం చూసి కూడా చూడనట్టు ఉండేవాడు. "చదువుకో బిడ్డా. కాని ఇన్‌స్పెక్టర్ సార్ బూట్ల సప్పుడు గూడ సదవాలె," అనేవాడు.

ఇంటికి వెళ్లాక డైరీ రాసుకునేదాన్ని. పగలంతా విన్న మాటల్ని విన్నట్టే, మనుషుల గొంతు కూడా పోకుండా రాయాలని నా ఆశ. ఆ ఆశే ఒక ఇంటి మీదికి తెచ్చింది.

దానికి ముందు ఒక పద్ధతి చెప్పాలి. ఎవరి దగ్గరైనా వాంగ్మూలం రాసుకుంటే దాని చివర ఒక వాక్యం ఉండి తీరాలి: "చదివి వినిపించగా సరియని ఒప్పుకొని వేలిముద్ర వేసినాడు." రద్దీలో ఆ ముక్క మరిచిపోతామని, రైటర్ సార్ రోజూ పొద్దున్నే పది తెల్లకాగితాలు నా ముందు పెట్టి, అన్నిటి అడుగునా ఆ వాక్యం ముందే రాయించేవాడు. "ముందు ముగింపు రాసుకుంటే మొదలు దానంతట అదే వస్తది," అనేవాడు. మొదటి వారం నాకు వింతగా అనిపించింది. రెండో వారం నుంచి అలవాటైపోయింది.

నాలుగో ఏడు నడుస్తుండగా పై సార్లకు ఒక ఆలోచన వచ్చింది. లైసెన్సు లేని తుపాకులు, గడువు తీరినవి, తాతల కాలం నుంచి అటకల మీద పడున్నవి ఏవైనా సరే తెచ్చి ఇచ్చేస్తే కేసు ఉండదు, ఎక్కడిదని అడగరు, పైగా కొంత పరిహారం ఇస్తారు. లైసెన్సు ఉన్నవాళ్లు కూడా వద్దనుకుంటే ఇవ్వొచ్చు. గోడలకు కాగితాలు అంటించారు. మొఘల్‌పురాలో ఒక ఫంక్షన్ హాలు తీసుకుని, లైసెన్సుదారులందర్నీ పిలిచి మీటింగ్ పెట్టారు. సమోసాల పళ్లెం పట్టుకుని తిరగడం నా డ్యూటీ.

ఇన్‌స్పెక్టర్ సార్ మాట్లాడటం అయిపోగానే ఒక పెద్దమనిషి లేచాడు. "సార్, ఎలక్షన్లప్పుడు నా డబుల్ బ్యారెల్ మీ దగ్గర డిపాజిట్ చేసిన. ఇచ్చినప్పుడు అద్దం లెక్క మెరిసింది. వాపస్ వచ్చేటప్పటికి గొట్టంల సాలీడు కాపురం పెట్టింది. రెండు నెలలు దాచనీకి రాలేదు మీకు, ఇప్పుడు మొత్తానికే ఇయ్యమంటున్నరు."

హాలంతా నవ్వింది. బ్యాంకు ముందు కాపలా ఉండే ఒకాయన, "నా తుపాకే నా నౌకరి సార్. ఇది మీకిచ్చి నేను బ్యాంకు ముంగట ఈలపీట పట్టుకుని నిలబడాల్నా?" అన్నాడు. ఇంకొకాయన, "కత్తులు పట్టుకుని తిరిగేటోళ్లు వచ్చిండ్రా ఈ మీటింగుకు? రాలే. కాయిదాలు మంచిగున్నోళ్లమే వచ్చినం," అన్నాడు. వెనక వరసలోంచి ఎవరో, "దేతే వఖ్త్ సలాం, బాద్ మే సమన్!" అని అరిచారు. ఇచ్చేటప్పుడు సలాం కొడతారు, తర్వాత సమన్ పంపుతారని. చప్పట్లు మోగాయి. ఆ రోజు తుపాకులు ఒక్కటీ రాలేదు. సమోసాలు మాత్రం మిగల్లేదు.

పై నుంచి ఒత్తిడి వచ్చింది. ప్రతి స్టేషన్ ఎంతో కొంత చూపించాలి. రైటర్ సార్ దుమ్ము పట్టిన పాత లైసెన్సు రిజిస్టర్ దించి వేలు పెట్టి వెతికాడు. కార్వాన్‌లో బర్రెల దొడ్డి ఉన్న ఒక కుటుంబం పేరు దొరికింది. ఒకప్పుడు జాగీర్దారు మామిడి తోటలకు కాపలా కాసిన మనిషికి ఇచ్చిన లైసెన్సు. ఆ మనిషి పోయాడు. లైసెన్సు ఆయనతోనే పోయింది. తుపాకి ఏమైందో ఎవరూ రాయలేదు.

"నువ్వు పో బిడ్డా. యూనిఫాం వద్దు. నిన్ను చూస్తే ఎవ్వరూ భయపడరు," అన్నాడు రైటర్ సార్. అది మెప్పో వెక్కిరింపో ఇప్పటికీ తెలియదు.

ఆ ఇంటి పెద్దకు డెబ్బై దాటి ఉంటాయి. దొడ్డిలో నులక మంచం మీద కూర్చుని, చుట్టూ బర్రెలు నెమరు వేస్తుంటే, తానూ వక్క నములుతున్నాడు. నేను వచ్చిన పని గొణిగాను. రెండుసార్లు మళ్లీ చెప్పించుకున్నాడు.

"తుపాకా? మా ఇంట్ల పాల క్యాన్లు తప్ప ఏం లెవ్వు బిడ్డా."

"రిజిస్టర్‌లో ఉంది తాతా."

"రిజిస్టర్‌ల మా నాయిన గూడ ఉన్నడు. తోల్కపోతవా?" అని నవ్వాడు. ఆ నవ్వు వెంటనే ఆరిపోయింది. "మా నాయిన జమానాల గూడ గిట్లనే చాటింపు ఏసిండ్రట. ఇచ్చినోని పేరు రాసుకున్నరు. ఇయ్యనోని పేరు మర్చిపోయిండ్రు. ఆ తర్వాత ఏడ లొల్లి అయినా ఇచ్చినోని ఇంటికే వచ్చిండ్రు. నేనేం పిచ్చోన్నా?"

ఆయన కోడలు ఇంత చాయ్ తెచ్చి ఇచ్చింది. గ్లాసు అందిస్తూ ఒక్క క్షణం తల పైకెత్తి అటక వైపు చూసి, మళ్లీ దించుకుంది. ఆ చూపులో ఏదో బతిమాలడం ఉంది. నేను బయటికి వస్తుంటే ఒక మోటార్ సైకిల్ ఎదురొచ్చింది. దానికి రెండు వైపులా పాల క్యాన్లు. నడిపేది ఆ ముసలాయన కొడుకు. మెడ దున్నపోతు మెడలా ఉంది. దారికి అడ్డంగా పక్కింటివాళ్ల స్కూటర్ నిలిపి ఉంటే, బండి దిగకుండానే కాలితో తన్ని పడేశాడు. అద్దం పగిలింది. పక్కింటి తలుపు తెరుచుకుని, అతన్ని చూసి, మళ్లీ మూసుకుంది. నేను గోడకు అంటుకుపోయి నిలబడ్డాను.

రెండోసారి వెళ్తే తాత లేడన్నారు. కోడలికి నా ఫోన్ నంబరు ఇచ్చి వచ్చాను. పది రోజుల తర్వాత కోడలు ఫోన్ చేసింది. గొంతు తగ్గించి, "మామ రమ్మంటుండు అక్కా. మా ఆయన సాయంత్రం పాలు పోయనీకి పోయినంక రండి. బండి మీద పోలీసు అని రాసుంటే వద్దు," అంది.

రైటర్ సార్, నేను ఆటోలో వెళ్లాం. తాత అటక మీది నుంచి గోనె చుట్టిన కట్ట ఒకటి దించి మంచం మీద పెట్టాడు. భర్మారు తుపాకి. గొట్టంలో మందు దట్టించి పేల్చేది. నేను ట్రైనింగ్‌లో పట్టుకున్నవాటిలా లేదు. పొడుగ్గా, నల్లగా, ఇంట్లో మనిషిలా ఉంది. రైటర్ సార్ ఇనుప కడ్డీ గొట్టంలోకి దించి, ఎంత లోతుకు పోయిందో బొటనవేలితో గుర్తు పట్టుకుని, బయట పెట్టి కొలిచాడు. కడ్డీ నాలుగు వేళ్లు తక్కువగా ఆగింది. లోపల మందు ఉంది.

"దీన్ని ఎవరు దట్టించిండ్రు?" అన్నాడు రైటర్ సార్.

తాత ఇంకో వక్క నోట్లో వేసుకున్నాడు. రైటర్ సార్ తుపాకిని దొడ్డి మూలకు తీసుకెళ్లి, గొట్టంలో నీళ్లు పోసి తడిపే పనిలో పడ్డాడు. అప్పుడు తాత నా పక్కకు వంగి చెప్పాడు. నేనింకా కాగితం తియ్యలేదు. చాయ్ తాగుతున్నాను.

"నా కొడుకే బిడ్డా. పోయినేడు సదర్ పండుగల మా దున్నపోతును ఊరేగించినప్పుడు గాలిల ఒక్కటి పేల్చిండు. అందరు శభాష్ అన్నరు. నేను గూడ అన్న. ఇప్పుడు పక్కింటోనితోని గోడ తగాద. మొన్న తుపాకి దించి మందు దట్టించిండు. 'వాన్ని కాలుస్త' అన్నడు. నేను అడ్డం పోతే నా దిక్కు తిప్పిండు. తిప్పి, నవ్విండు. తమాషకే అనుకో. కాని నాకు ఆ దినం సంది నిద్ర లేదు. మీరు మంచోళ్లని ఇస్తలేను. మీరంటే నాకు ఇప్పటికి నమ్మకం లేదు. కాని వాడంటే భయం. రెండు భయాలల్ల చిన్నది మీరు."

ఆయన దొడ్డి మూల వైపు ఒకసారి చూసుకున్నాడు.

"నా కొడుకు మీదికి ఏం రాదు గద బిడ్డా?"

అప్పటివరకు నేను ఎవరికీ ఏ మాటా ఇచ్చినదాన్ని కాదు. మాట ఇవ్వాలంటే ముందు నోరు తెరవాలి కదా. ఆ రోజు మాత్రం తెరిచాను. "ఏం రాదు తాతా. నేనున్న కదా," అన్నాను.

తర్వాత సంచిలోంచి పొద్దున సిద్ధం చేసుకున్న కాగితం తీశాను. రాయాల్సింది నాలుగు ముక్కలు: "మా తండ్రి గారి కాలం నాటి తుపాకి నా సొంత ఇష్టంతో అప్పగిస్తున్నాను." అంతే. కానీ ఆయన మాటలు నా చెవిలో ఇంకా మోగుతున్నాయి. అంత మంచి మాటలు. సదర్, గోడ, తన వైపు తిప్పిన గొట్టం, నవ్వు, భయం అన్నీ రాసేశాను, ఇంటికి వెళ్లి డైరీ రాసుకుంటున్నట్టు. కలం ఆగింది ముందే రాసిపెట్టిన చివరి వాక్యం అడ్డం వచ్చినప్పుడే. ఈలోపు కోడలు, "మా ఆయన వచ్చే టైం అయితుంది," అని గుమ్మంలోకి వచ్చి తొందర పెట్టింది. తాత బొటనవేలు పట్టుకుని సిరాలో అద్ది ముద్ర వేయించాను. చదివి వినిపించలేదు. నేను రాసింది నాకు బాగా నచ్చింది కాబట్టి ఆయనకూ నచ్చుతుందనుకున్నానేమో.

తుపాకిని జొన్న చొప్ప కట్టలో చుట్టి ఆటోలో పెట్టుకున్నాం. గొట్టం నా మోకాళ్ల మీద. మందు తడిసిపోయిందని తెలిసి కూడా, ప్రతి గుంత దగ్గరా నేను ఊపిరి బిగబట్టాను. ఆటోవాలా, "బర్రెను కొన్నరా సార్?" అని అడిగాడు. రైటర్ సార్, "ఔ భాయ్, ముందు మేత కొన్నం," అన్నాడు.

మా స్టేషన్‌కు పేరొచ్చింది. తాతతో పాటు ఇంకో ఇద్దరు పాత కత్తులేవో తెచ్చి ఇచ్చారు. ఇన్‌స్పెక్టర్ సార్‌కు బదిలీ అయి మంచి చోటు దొరికింది. కొత్త ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఆయన అరిచేవాడు కాదు. అరవని మనిషికి నేను ఎక్కువ భయపడతాను.

మూడు నెలలకు నగరంలో ఇంకెక్కడో ఒక పెళ్లి బరాత్‌లో ఎవరో గాలిలోకి పేలిస్తే ఒకామెకు తగిలింది. ఇట్లా పేల్చినవాళ్లను వెతికి పట్టుకోండని పై నుంచి ఆర్డర్ వచ్చింది. కొత్త సార్ ఎక్కడ వెతకాలో ఎక్కువ ఆలోచించలేదు. తుపాకులు అప్పగించినవాళ్ల ఫైలు తెప్పించుకున్నాడు. ఇచ్చినోని పేరే కదా రాసి ఉండేది.

సాయంత్రం నన్ను పిలిచాడు. ఆయన ముందు నా చేతిరాత.

"నీదేనా?"

తలూపాను.

"మంచి రాత. అంతా ఉంది ఇందులో. ఊరేగింపులో పేల్చడం, చంపుతానని బెదిరించడం. రేపు పది గంటలకు తండ్రీకొడుకుల్ని రప్పిస్తున్నా. ఫిర్యాదు డ్రాఫ్ట్ నువ్వే రాయి."

"సార్, వాళ్లకు కేసు ఉండదని..."

"తుపాకి ఇచ్చినందుకు కేసు ఉండదన్నారు. పేల్చినందుకు ఉండదని ఎవరన్నారు?"

నేనన్నాను. పైకి మాత్రం సెల్యూట్ కొట్టాను.

రైటర్ సార్ గదికి వచ్చి నిలబడ్డాను. ఆయన సంగతంతా విని కళ్లద్దాలు తుడుచుకున్నాడు. తర్వాత తలుపు దగ్గరికి వేసి అన్నాడు. "ఒక పని చెయ్యొచ్చు. అదే చేతిరాత, అదే సిరా. నాలుగు ముక్కలతోని ఇంకో కాయిదం రాయి. పొద్దుగాల ఎనిమిదింటికి నేను పోయి ముసలోని వేలు అద్దించుకొస్త. ఫైలుల మారుస్త. సార్ ఒక్కసారే చదివిండు."

"చదివిండు కదా సార్. యాదికుంటది."

"అయితే కండ్లు మూసుకో బిడ్డా. ఈ కుర్చీల కూసున్నోడు ముందు తన మెడ చూసుకోవాలె. నీది ఇంకా చిన్న మెడ."

ఆ రాత్రి ఇంటికి వెళ్లి డైరీ తెరిచి ఒక్క అక్షరం రాయలేకపోయాను. రాయడమంటేనే భయం పుట్టింది. కాగితం మార్చడం నేరం. నోరు మూసుకుంటే తాత కొడుకు జైలుకు. నోరు తెరిస్తే, చదివి వినిపించకుండానే వినిపించానని రాశానని ఒప్పుకోవాలి. నా ఉద్యోగం పోవచ్చు. ఇంకొక భయం కూడా ఉంది, దాన్ని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ కొడుకు నిజంగానే ఆ పని చేసే మనిషైతే? గోడకు అటు పక్క ఉన్నవాళ్లు తలుపు మూసుకోవడం నేను కళ్లారా చూశాను. వాణ్ని కాపాడితే రేపు ఎవరికైనా ఏమైనా అయితే? తుపాకి మా స్టేషన్ మాల్‌ఖానాలో, తాళం వేసిన గదిలో ఉంది. చేతులు వాడి దగ్గరే ఉన్నాయి. ఈ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. ఒక్కటే అనుకున్నాను. ఒక మాట చెప్పి తుపాకి తీసుకున్నాం, ఆ మాట నా నోటి నుంచి వచ్చింది.

రైటర్ సార్ చెప్పిన కాగితం నేను రాయలేదు. మర్నాడు పది గంటలకు వాళ్లు వచ్చారు. తాత తెల్ల ధోవతి, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, పెళ్లికి వచ్చినట్టు. కొడుకు వెనక నిలబడ్డాడు. తాత నన్ను చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. ముందే తెలిసిన సంగతే అన్నట్టు చూశాడు.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఇన్‌స్పెక్టర్ సార్ ఫైలు తెరుస్తున్నప్పుడు, కళ్లద్దాలు పెట్టుకుంటున్నప్పుడు, గొంతు సవరించుకుంటున్నప్పుడు, ఆ ఒక్క నిమిషంలో. ఆయన చదవడం మొదలుపెట్టాడు. పైకే చదివాడు, కొడుకు మొహంలోకి చూస్తూ. సదర్ చదివాడు. గోడ చదివాడు. "నా దిక్కు తిప్పి నవ్వినాడు. నా కొడుకనిన నాకు భయము. ఆ భయముతోనే ఈ తుపాకి ఇచ్చుచున్నాను."

కొడుకు తండ్రి వైపు తిరిగాడు. తాత నేల చూపులు చూశాడు. ఆ గదిలో ఎవరూ ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. కానీ నేను ఏడేళ్లలో చూసిన దెబ్బల్లో అంత గట్టిది ఇంకొకటి లేదు. అది నా చేతిరాతతో పడింది.

"సార్," అన్నాను.

"ఏంటి?"

"అది... నేను ఆయనకు చదివి వినిపించలేదు సార్."

"గట్టిగా చెప్పు."

"చదివి వినిపించలేదు సార్."

"వినపడట్లేదు."

మూడోసారి నేను అరిచినట్టున్నాను. బయట సెంట్రీ లోపలికి తొంగి చూశాడు.

ఇన్‌స్పెక్టర్ సార్ కాగితం అడుగున వేలు పెట్టాడు. "మరి ఇదేంటి?"

"అది ముందే రాసి పెట్టుకుంటాను సార్. పొద్దున్నే. అన్నిటి కిందా."

"ఎవరు నేర్పారు?"

రైటర్ సార్ తలుపు పక్కనే నిలబడి ఉన్నాడు. నేను అటు చూడలేదు. "నా అలవాటే సార్," అన్నాను. అప్పుడు చూస్తే, రైటర్ సార్ తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు.

ఇన్‌స్పెక్టర్ సార్ తాత వైపు తిరిగాడు. "పెద్దాయనా, ఈ మాటలు నువ్వు చెప్పినవా లేదా?"

తాత ముందు కొడుకును చూశాడు, తర్వాత నన్ను. "నాకు యాది లేదు సార్. ముసలోన్ని. ఆ దినం బర్రెకు పానం బాగలేకుండె, నా మనసు మనసుల లేదు. పిల్ల ఏందో రాసుకుంది, నేను వేలేసిన."

ఇన్‌స్పెక్టర్ సార్ ఫైలు మూసి మా ముగ్గురినీ చూశాడు. చెల్లని వాంగ్మూలంతో కోర్టుకు వెళితే నవ్వులపాలయ్యేది తనే అని ఆయనకు తెలుసు. కొడుకును దగ్గరికి పిలిచి, పక్కింటివాళ్ల గోడ దగ్గర మళ్లీ గొంతు వినపడితే ఇటువంటి కాగితం అవసరం లేకుండానే లోపల వేస్తానని మెల్లగా చెప్పాడు. "పొండి," అన్నాడు. కేసు లేదు.

నాకు మెమో వచ్చింది. ఒక ఇంక్రిమెంటు ఆగింది. ఇకనుంచి వాంగ్మూలాలు రాయొద్దన్నారు. ఫైళ్లకు దారం కట్టే పని ఇచ్చారు. మధ్యాహ్నం రైటర్ సార్ చాయ్ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "నాకు రెండేండ్లల్ల రిటైర్మెంట్ బిడ్డా," అన్నాడు, నన్ను చూడకుండా. నేను చాయ్ తాగాను. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. భయపడే మనిషిని భయపడే మనిషి ఏమంటుంది? కానీ ఆ మర్నాటి నుంచి ఆయన ఎవరి చేతా పొద్దున్నే కాగితాలు రాయించలేదు.

ఇక్కడితో ఆపితే నేను ధైర్యవంతురాలిగా కనిపిస్తానని నాకు తెలుసు. అందుకే ఆపడం లేదు.

ఎనిమిది రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం రైటర్ సార్ కోర్టు పని మీద వెళ్లాడు. గదిలో నేనొక్కదాన్నే ఫైళ్లకు దారం కడుతున్నాను. గుమ్మంలో వెలుతురు తగ్గింది. తలెత్తితే, తాత కొడుకు. లోపలికి వచ్చి రెండు చేతులూ నా బల్ల మీద ఆనించి వంగాడు. పాల వాసన, చెమట వాసన. సెంట్రీని పిలుద్దామనుకున్నాను.

"మేడం, ఒక మాట అడగాలె."

నేను దారం గట్టిగా పట్టుకున్నాను.

"మా బాపు నాతోని మంచిగనే మాట్లాడ్తుండు. చాయ్ తాగినవా అంటడు, దాణా తెచ్చినవా అంటడు. కాని నేను ఇంట్ల అడుగు పెట్టంగనే లేచి దొడ్డిలకు పోతుండు. ముందు గూడ గట్లనే పోయేటోడు మేడం. బర్రెల కోసం పోతుండనుకున్న. ఇన్నేండ్లు గట్లనే అనుకున్న." ఆగాడు. "మా ఆమెను అడిగితే చప్పుడు చేస్తలేదు. సార్ ముంగట బాపు యాది లేదన్నడు. నువ్వేమో చదివి వినిపియ్యలేదన్నవు. నిజం చెప్పు. గా మాటలు మా బాపు అన్నయేనా, నువ్వు కల్పించినవా?"

కల్పించాను అంటే చాలు. ఆ ఒక్క అబద్ధంతో ఆ ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. నేను తప్పుడు వాంగ్మూలం రాశానన్న మెమో కూడా ఇంకొంచెం నిజం అవుతుంది. కాని ఆ అబద్ధంతో ఇంటికి వెళ్లి ఇతను మళ్లీ గడపలో అడుగు పెడతాడు, ముసలాయన మళ్లీ దొడ్డిలోకి లేచి వెళ్తాడు, ఇతను మళ్లీ బర్రెల కోసమే అనుకుంటాడు.

"అన్నడు," అన్నాను.

"ఏమన్నడు?"

"నువ్వంటే భయమన్నడు."

అతను కదల్లేదు. మొహంలో కోపం కోసం చూశాను. కోపం లేదు, దాని చోటు ఖాళీగా ఉంది. బయట ఎవరో సెల్‌ఫోన్ పోయిందని సెంట్రీకి వివరంగా చెబుతున్నారు.

"నువ్వు గూడ భయపడ్తున్నవా?" అన్నాడు.

నా చేతుల్లో దారం వణుకుతుంటే దాచిపెట్టడంలో అర్థం లేదు. "ఔను," అన్నాను.

అతను కిందికి చూశాడు, నా బల్ల మీద ఉన్న తన చేతుల వైపు. ఎవరో అక్కడ పెట్టి మరిచిపోయినట్టు వాటిని చూసి, తీసేశాడు. ఒకడుగు వెనక్కి వేశాడు. ఇంకొకటి. గడప దాటి వరండాలో నిలబడ్డాడు.

"ఇప్పుడు?" అన్నాడు.

"కొంచెం తగ్గింది," అన్నాను.

అతను అక్కడే నిలబడి తలూపాడు, ఎంత దూరంలో ఉండాలో గుర్తుపెట్టుకుంటున్నట్టు.